ముఖసంధానం: సుశ్రుతుని కాలం నుండి నేటి శస్త్రచికిత్స వరకు



ముహూర్తాలు, శాంతులు, దోషపరిహారాలు అడిగే భక్తుల నోట ఈ మధ్య తరచుగా వినవస్తున్న ప్రశ్న ఒకటి ఉన్నది: "పంతులుగారూ, ముక్కు సరిచేయించుకోవడానికి ఆపరేషన్ చేయించుకుంటే దోషమా? దేవుడిచ్చిన ముఖాన్ని మార్చుకోవచ్చునా?" అడిగేవారిలో వివాహానికి సిద్ధంగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు, ప్రమాదంలో ముఖం దెబ్బతిన్నవారు ఉన్నారు, వయసు మీదపడుతున్నదని చింతించేవారూ ఉన్నారు. ఈ ముగ్గురికీ ఒకే సమాధానం చెప్పడం న్యాయం కాదు. ముఖానికి శస్త్రం తాకించే విద్య మన దేశంలో ఎట్లా పుట్టింది, ఎవరి చేతుల్లో నిలిచింది, ఎట్లా విదేశాలకు వెళ్ళి తిరిగి వచ్చింది అన్న చరిత్ర తెలిస్తే సమాధానం తనంతట తానే స్పష్టమవుతుంది. అందుచేత ముందు చరిత్రను చూద్దాం.

యజ్ఞశిరస్సంధానం

ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలు. వాటిలో శల్యతంత్రమే ప్రథమమని సుశ్రుతసంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలో ప్రతిపాదిస్తుంది. దానికి చూపే కారణం ఒక పురావృత్తం. రుద్రుడు యజ్ఞశిరస్సును ఛేదించినప్పుడు దేవతలు అశ్వినీదేవతలను ఆశ్రయించారు. వారు తెగిన శిరస్సును తిరిగి సంధించారు. అందుకు ప్రతిఫలంగా వారికి యజ్ఞభాగం లభించింది. తెగినదాన్ని అతికించడమే ఈ శాస్త్రానికి ఆదికర్మ అన్నమాట. ఋగ్వేదం సైతం విశ్పలకు తెగిన కాలి స్థానంలో లోహపు కాలిని అమర్చిన వారుగా అశ్వినులను స్తుతించింది.

ఇక్కడ "సంధానం" అన్న పదం గమనించదగినది. విరిగిన ఎముక, తెగిన చెవి, పోయిన ముక్కు అన్నింటికీ శాస్త్రం ఈ మాటనే వాడుతుంది. విడిపోయినదాన్ని మళ్ళీ ఒకటి చేయడం దాని భావం.

కర్ణవేధంతో ఆరంభం

ముఖ శస్త్రచికిత్స మన దేశంలో మొదలైనది యుద్ధరంగంలో మాత్రమే కాదు, ఇంటిలో జరిగే ఒక సంస్కారంతో కూడా. సూత్రస్థానం పదహారవ అధ్యాయం పేరే కర్ణవ్యధబంధవిధి. శిశువుకు ఆరవ నెలలోనో ఏడవ నెలలోనో చెవులు కుట్టాలని, మగపిల్లవానికి ముందు కుడిచెవి, ఆడపిల్లకు ముందు ఎడమచెవి కుట్టాలని అది విధిస్తుంది. ప్రయోజనం రెండు విధాలని చెప్పింది: ఒకటి రక్ష, రెండవది భూషణం. అలంకారం కోసం శరీరానికి సూది తాకించడాన్ని శాస్త్రకారుడు తప్పు పట్టలేదు సరికదా, దాన్ని ఎంత జాగ్రత్తగా చేయాలో నేర్పాడు.

కుట్టిన రంధ్రాన్ని క్రమంగా పెద్దది చేసి బరువైన ఆభరణాలు ధరించడం ఆనాటి ఆచారం. అట్లా సాగిన కర్ణపాళి ఒక్కొక్కప్పుడు రెండుగా చీలిపోయేది. ఆ చీలికను అతికించడానికి సుశ్రుతసంహిత పదిహేను రకాల బంధాలను పేర్కొన్నది. వాటిలో చివరి ఐదింటిని అసాధ్యాలని నిష్కర్షగా చెప్పింది. ఎక్కడ శస్త్రం ఫలించదో ముందే చెప్పడం వైద్యధర్మంలో భాగమని దీనివల్ల తెలుస్తున్నది. పాళి అసలే లేని చెవికి చెంప నుండి మాంసాన్ని తీసి అతికించమన్నది. అయితే ఆ మాంసం మూలస్థానంతో బంధం తెగకుండా, జీవించి ఉండగానే అతకాలి. ఈ ఒక్క నియమం మీదనే తరువాతి ముఖసంధాన విద్య అంతా నిలిచింది. మూలం తెగిన మాంసానికి రక్తం అందదు, రక్తం అందనిది బ్రతకదు.

చికిత్స తరువాత పాటించవలసిన నియమాలూ అక్కడే ఉన్నాయి. కట్టిన చెవిని కదిలించరాదు. పగటినిద్ర, వ్యాయామం, అతిభోజనం, మైథునం, అగ్నితాపం, అధికభాషణం విడిచిపెట్టాలి. నేటి వైద్యుడు ఇచ్చే సూచనల కాగితంతో వీటిని పోల్చి చూస్తే భేదం అంతగా కనిపించదు.

నాసాసంధానం

అదే అధ్యాయం చివర నాసాసంధాన విధానం వస్తుంది. పోయిన ముక్కు కొలతకు సరిపడే ఆకును ముందు తీసుకోవాలి. ఆ కొలత ప్రకారం చెంప పక్కనున్న మాంసాన్ని మూలం తెగకుండా లేపాలి. మొండి ముక్కు అంచును గీరి పచ్చిచేసి, ఆలస్యం లేకుండా ఆ మాంసాన్ని దానిపై అమర్చి చక్కగా బంధించాలి. శ్వాస ఆడేందుకు రెండు నాళాలను నాసారంధ్రాలలో ఉంచి ముక్కును ఎత్తిపట్టాలి. పైన పతంగం, మనం అతిమధురమని పిలిచే యష్టిమధుకం, రసాంజనం కలిపిన చూర్ణం చల్లాలి. తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికి తడపాలి. గాయం మానిన తరువాత మిగిలిన అనుబంధాన్ని ఛేదించాలి. చిన్నదైతే పెంచాలి, మాంసం ఎక్కువైతే సమం చేయాలి. నాళాలు తప్ప తక్కినదంతా ఇదే పద్ధతిలో ఓష్ఠసంధానమూ చేయాలన్నది.

సమం చేయాలన్న ఆ చివరి వాక్యం ముఖ్యమైనది. ముక్కు మళ్ళీ ఏర్పడితే చాలునని శాస్త్రం తృప్తిపడలేదు, చూడ ముచ్చటగా ఉండాలని కోరింది. వ్రణచికిత్సకు చెప్పిన ఏడు ఉపక్రమాలలో చివరిది వైకృతాపహం. అంటే గాయం మానిన తరువాత మిగిలిన వికారాన్ని తొలగించడం. చికిత్సాస్థానంలో చెప్పిన అరవై ఉపక్రమాలలో మచ్చ తెల్లబడితే నల్లబరచడం, నల్లబడితే తెల్లబరచడం, రోమాలు మళ్ళీ మొలిపించడం కూడా ఉన్నాయి. రూపం గురించిన ఆలోచన నేటి వ్యామోహం మాత్రమే అనుకోవడం సరికాదు.

ఇంతటి సూక్ష్మకర్మ చేసే చేతికి అభ్యాసం ఎట్లా? దానికీ సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో యోగ్యావిధి ఉన్నది. బూడిదగుమ్మడి, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద కోత నేర్వాలి. పలుచని, దళసరి వస్త్రాల అంచుల మీద, మెత్తని తోలు మీద కుట్టు నేర్వాలి. చెవి అతికే కర్మను మృదువైన మాంసఖండం మీద, కలువకాడ మీద అభ్యసించాలి. సకల శాస్త్రం చదివినవాడైనా యోగ్య చేయనివాడు కర్మకు అర్హుడు కాడని ఆ అధ్యాయం ఆశయం.

గ్రంథం ఒకచోట, హస్తం మరొకచోట

మనం నిజాయితీగా తలచుకోవలసిన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది.

ఆంధ్రదేశంలో వేదాధ్యయనం చేసేవారిలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖీయులు. యజ్ఞశిరస్సంధాన కథ ఆ తైత్తిరీయసంహితలోనూ ఉన్నది. అయితే అక్కడ కథ మరొక మలుపు తిరుగుతుంది. శిరస్సు అతికించిన తరువాత దేవతలు అశ్వినులను అపూతులన్నారు, వారు వైద్యులై మనుష్యుల మధ్య సంచరించేవారని. అందుచేత బ్రాహ్మణుడు చికిత్స చేయరాదన్న మాట అక్కడ వచ్చింది. శ్రాద్ధంలో వర్జించవలసినవారి పట్టికలో మనుస్మృతి చికిత్సకుణ్ణి చేర్చింది. రక్తమాంసాలను తాకే వృత్తి శౌచానికి భంగమన్న భావం అట్లా బలపడింది.

అయితే అదే తైత్తిరీయ ప్రకరణం అంతటితో ఆగలేదు. దేవతలు అశ్వినులను బహిష్పవమాన స్తోత్రంతో పవిత్రులను చేసి, వారికి సోమగ్రహాన్ని ఇచ్చారు. వారి భైషజ్యాన్ని మూడు భాగాలు చేసి అగ్నిలో ఒకటి, జలంలో ఒకటి, బ్రాహ్మణునిలో ఒకటి ఉంచారు. కనుక ఉదకపాత్రను దగ్గర ఉంచుకొని, బ్రాహ్మణుని కుడివైపున కూర్చుని చికిత్స చేయాలని విధించింది కూడా ఆ ప్రకరణమే. నిషేధం ఉన్నచోటనే పరిహారమూ ఉన్నది, విధానమూ ఉన్నది. మనవారు పూర్వార్ధాన్ని గట్టిగా పట్టుకొని ఉత్తరార్ధాన్ని వల్లెవేయడంతో సరిపెట్టారు.

ఫలితం ఏమైనది? శాస్త్రం తాళపత్రాలలో నిలిచింది. నేపాలంలో క్రీ.శ. 878 నాటి సుశ్రుతసంహిత తాళపత్రప్రతి నేటికీ భద్రంగా ఉన్నది. అరబ్బులు ఈ గ్రంథాన్ని తమ భాషలోకి అనువదించుకున్నారు. కాని కత్తి పట్టే హస్తం పండితగృహాలను విడిచి, సంస్కృతం చదవని కులవృత్తుల వారి ఇండ్లకు చేరింది. తండ్రి చేయి చూసి కొడుకు నేర్చుకునే విద్యగా అది అక్కడ బ్రతికింది.

పుణె నుండి లండనుకు

దీనికి తిరుగులేని సాక్ష్యం 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ప్రచురించిన ఒక లేఖ. కావస్‌జీ అనే మరాఠా వ్యక్తి 1792 నాటి యుద్ధంలో ఆంగ్లసైన్యానికి ఎడ్లబండి తోలేవాడు. టిప్పు సుల్తాను సైన్యానికి బందీగా చిక్కగా అతని ముక్కునూ ఒక చేతినీ ఖండించారు. సుమారు ఏడాదికాలం ముక్కులేని ముఖంతో గడిపిన తరువాత, పుణె సమీపాన ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి అతనికి కొత్త ముక్కును నిర్మించాడు. ఇద్దరు ఆంగ్లవైద్యులు పక్కన నిలబడి చూశారు.

విధానం ఇది. ముందు పలుచని మైనపు రేకుతో ముక్కు ఆకారం చేశాడు. దాన్ని చదునుచేసి నుదుటి మీద పరచి చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంట చర్మాన్ని లేపి, కనుబొమల నడుమ మాత్రం మూలం తెగకుండా ఉంచాడు. ఆ చర్మాన్ని మెలిత్రిప్పి కిందికి దించి, పచ్చిచేసిన మొండి అంచులలో ఇమిడ్చాడు. నీటిలో మెత్తపరచిన కాచును గుడ్డపీలికలకు రాసి పైన వేశాడు. నాలుగు రోజుల తరువాత నేతిలో తడిపిన గుడ్డలు వేశాడు. సుమారు ఇరవై అయిదవ రోజున మూలాన్ని ఛేదించాడు. సుశ్రుతుడు చెంప మాంసం తీసుకోమన్నాడు, ఈ ఇటుకల పనివాడు నుదుటి చర్మం తీసుకున్నాడు. సూత్రం మాత్రం ఒక్కటే: మూలంతో బంధం తెగని జీవచర్మం. గ్రంథం చదవకుండానే పరంపర ఆ సూత్రాన్ని కాపాడింది, మరింత మెరుగుపరిచింది కూడా.

ఆ లేఖ లండనులో జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుణ్ణి ఆకర్షించింది. అతడు ముందు మృతదేహాల మీద అభ్యసించి, 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి ఈ పద్ధతిలో ముక్కు నిర్మించాడు. రెండు చికిత్సల వృత్తాంతాన్ని 1816లో గ్రంథంగా ప్రకటించాడు. నుదుటి చర్మంతో ముక్కు కట్టే ఈ పద్ధతి ఐరోపా అంతటా "భారతీయ పద్ధతి" అన్న పేరుతో వ్యాపించింది. పేరు దేశానికి వచ్చింది. ఆ ఇటుకల పనివాని పేరు మాత్రం ఆ లేఖ చెప్పలేదు.

మన దేశంలోనూ గ్రంథమూ హస్తమూ తిరిగి కలుసుకున్న సందర్భాలు వచ్చాయి. వైద్యకులంలో పుట్టిన పండితుడు మధుసూదన గుప్తా 1836లో కలకత్తా మెడికల్ కళాశాలలో స్వయంగా శవచ్ఛేదం చేశాడు. సుశ్రుతసంహితను పరిష్కరించి అచ్చువేయించినదీ ఆయనే. శవాన్ని ప్రవాహజలంలో ఏడు రాత్రులు ఉంచి పొర పొరగా పరిశీలించమని బోధించిన గ్రంథానికి అది తగిన అర్చన. జునాగఢ్ సంస్థానంలో బందిపోట్లు ముక్కులు కోసిన కాలంలో త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా అనే వైద్యుడు బాధితులకు నాసాసంధానం చేసి, నూరు చికిత్సల వివరాన్ని 1889లో ప్రకటించాడు.

సంధానం నుండి సౌందర్యానికి

పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ విద్య దిశ మార్చుకున్నది. బెర్లినులో జాక్ జోసెఫ్ అనే వైద్యుడు 1896లో, నిక్కపొడుచుకున్న చెవుల వల్ల తోటివారి హేళనకు గురైన ఒక బాలునికి చెవులు సరిచేశాడు. రోగం లేనివానికి శస్త్రం తాకించాడని అతణ్ణి ఉద్యోగం నుండి తొలగించారు. 1898లో అతడు ఒక వ్యక్తి పెద్ద ముక్కును తగ్గించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో హెరాల్డ్ గిలీస్ చేసిన సంధానాలు ఈ విద్యను ఆధునికశాస్త్రంగా స్థిరపరిచాయి. నేడు సౌందర్యం కోసం చేసే శస్త్రకర్మలన్నీ ఈ రెండు ధారల సంగమం.

వాటిలో సాధారణమైనవి ఏవి, వాటి నుండి ఏమి ఆశించవచ్చునో సంగ్రహంగా చెప్పుకుందాం.

రైనోప్లాస్టీ. ముక్కు ఎముకను, మృదులాస్థిని సవరించడం. చాలామందికి పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. సుమారు వారం రోజులు ముక్కుపై గట్టి పట్టీ ఉంటుంది. కళ్ళచుట్టూ కమిలిన నలుపు ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. వాపు మాత్రం నెమ్మదిగా దిగుతుంది, తుదిరూపం తేలడానికి ఏడాది పట్టవచ్చును. కొంతకాలం ముక్కు కొన మొద్దుబారి ఉంటుంది. శ్వాసకు ఇబ్బంది, అసమానత మిగిలి మళ్ళీ సరిచేయవలసి రావడం కొందరిలో జరుగుతుంది. ముక్కులో నాళాలుంచి శ్వాసమార్గాన్ని కాపాడమన్న ప్రాచీనుల జాగ్రత్తకు అర్థం ఇదే: ముక్కుకు రూపం కంటె ముందు శ్వాస ముఖ్యం.

బ్లెఫరోప్లాస్టీ. కనురెప్పల్లో సాగిన చర్మాన్ని తొలగించడం. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో పక్ష్మకోపమనే రోగానికి, అంటే రెప్పవెంట్రుకలు కంటిలోకి గుచ్చుకునే వ్యాధికి, కనురెప్ప చర్మాన్ని యవగింజ ఆకారంలో కోసి వెంట్రుకతో కుట్టమని ఉన్నది. నేటి కర్మ సౌందర్యం కోసమైనా కోత తీరు దానికి దగ్గరిదే. చాలావరకు స్థానికంగా మత్తు ఇచ్చి చేస్తారు. వారం లోపల కుట్లు తీస్తారు. కొన్నాళ్ళు కళ్ళు పొడిబారడం సాధారణం. చర్మం ఎక్కువగా తీస్తే రెప్ప సరిగా మూతపడదు.

ఫేస్‌లిఫ్ట్. చెవి చుట్టూ కోత పెట్టి, చర్మాన్నీ దాని అడుగు పొరనూ పైకి లాగి బిగించడం. వాపు, కమిలిక రెండు మూడు వారాలు ఉంటాయి. చర్మం కింద రక్తం గూడుకట్టడం, ముఖనాడికి దెబ్బ తగలడం అరుదైనా గుర్తుంచుకోవలసిన ప్రమాదాలు. పొగతాగేవారికి చర్మానికి రక్తప్రసారం తగ్గి గాయం మానదు. కనుక ముందు కొన్ని వారాలు మానితీరాలి. ఈ చికిత్స ముడుతలను కొన్నేళ్ళు వెనక్కి నెడుతుంది, కాలాన్ని ఆపదు.

చెవుల చికిత్సలు. నిక్కిన చెవులను వెనక్కి సర్దడాన్ని ఓటోప్లాస్టీ అంటారు. దాన్ని పిల్లలకు అయిదారేళ్ళు నిండిన తరువాత చేస్తారు. బరువైన బుట్టకమ్మలతో సాగి చీలిన చెవితమ్మెను అతికించడం మన ఇళ్ళలోని పెద్దవారికి తెలిసినదే. స్థానికంగా మత్తు ఇచ్చి కొద్దిసేపటిలో ముగించే పని ఇది. కొన్ని నెలలు ఆగి మళ్ళీ కుట్టించుకోవాలి. సుశ్రుతుని కర్ణసంధానానికి నేరుగా వారసత్వం ఇదే. కొందరి చర్మంలో మచ్చ ఉబ్బి కిలాయిడ్‌గా పెరిగే స్వభావం ఉంటుంది, కనుక ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి.

ఇక నుదుటి చర్మంతో ముక్కు కట్టే భారతీయ పద్ధతి క్యాన్సరు వల్లనో ప్రమాదం వల్లనో ముక్కు పోయినవారికి నేటికీ చేస్తున్నారు. మూలాన్ని సుమారు మూడు వారాలకు ఛేదిస్తారు. పుణె ఇటుకల పనివాని ఇరవై అయిదు రోజులకు ఇది ఎంత దూరం?

ఇంతకూ దోషమా?

తెగిన ముక్కు మన సమాజంలో కేవలం గాయం కాదు, అవమానచిహ్నం. దండన పేరిట, పగ పేరిట, తరచుగా స్త్రీలకు ఈ శిక్ష పడేది. "ముక్కు కోసినట్టు" అన్న మాట నేటికీ మన నాలుకపై ఉన్నది. ఈనాడు ఆ కత్తి స్థానంలో యాసిడ్ సీసా వచ్చింది. అట్టి బాధితురాలి ముఖాన్ని సంధించే వైద్యుడు అశ్వినుల కర్మనే చేస్తున్నాడు. ఆమెను "ప్రారబ్ధం, అనుభవించాలి" అని పలికేవారు శాస్త్రం చదివినవారు కారు. ప్రారబ్ధం చికిత్సను నిషేధిస్తే ధన్వంతరి అవతరించనే అవసరం లేదు. అంగం దెబ్బతిన్న విగ్రహానికే మన ఆగమాలు సంధానవిధిని, జీర్ణోద్ధారాన్ని విధించినప్పుడు, అంతర్యామి స్వయంగా నివసించే దేహానికి ఆ హక్కు ఎందుకు ఉండదు?

హేళనకు కుంగిపోయిన పిల్లవాని చెవిని సరిచేయించడం, సాగిన తమ్మెను అతికించుకోవడం కూడా రక్షాభూషణాల పరిధిలోనివే. వాటిలో దోషం చూడనవసరం లేదు. ఆలోచించవలసినది మూడవ సందర్భంలో. ముఖంలో లోపం ఏమీ లేకున్నా అద్దం ముందు నిలిచిన ప్రతిసారీ లోపమే కనిపించేవారు కొందరు ఉంటారు. వైద్యశాస్త్రం దీన్ని మనస్సుకు సంబంధించిన వ్యాధిగా గుర్తించింది. శస్త్రంతో అది తీరదని, ఒకటి సరిచేస్తే దృష్టి మరొకదాని మీదికి పోతుందని అనుభవజ్ఞులైన శస్త్రవైద్యులకు తెలుసు. అట్టివారికి చికిత్స నిరాకరించే వైద్యుడే ఉత్తముడు. పదిహేను కర్ణబంధాలలో ఐదింటిని అసాధ్యాలన్న సుశ్రుతుని వివేకమే అది. పెండ్లిచూపుల కోసం కూతురి ముక్కును మార్పించాలనుకునే తల్లిదండ్రులు ముందు ఆ కోరిక అమ్మాయిదా, చూడవచ్చేవారిదా అని విచారించాలి. నిర్ణయించుకున్నవారు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. పట్టా ఉన్న వైద్యుణ్ణే ఆశ్రయించాలి. యోగ్య లేని చేతికి ముఖాన్ని అప్పగించరాదు.

అశ్వినుల కథ మహాభారతంలో మరొకటి ఉన్నది. వృద్ధుడైన చ్యవనమహర్షికి వారు యౌవనం ప్రసాదించారు. సరస్సులో మునిగిన చ్యవనుడు, ఇద్దరు అశ్వినులు ఒకే దివ్యరూపంతో పైకి వచ్చారు. ముగ్గురిలో భర్త ఎవరో సుకన్య తేల్చుకోవాలి. రూపంలో భేదం లేశమైనా లేదు, అయినా ఆమె తన భర్తనే వరించింది. కన్నులు చూడలేనిదాన్ని ఆమె మనస్సు గుర్తించింది. దేవవైద్యులు రూపం ఇవ్వడమూ తప్పు కాలేదు, చ్యవనుడు స్వీకరించడమూ తప్పు కాలేదు. సుకన్య గుర్తించినది మాత్రం వారిచ్చినది కాదు.

శస్త్రం చేతనైనంత చేస్తుంది, తక్కినది మన సాధనకు విడిచిపెడుతుంది. ఏది ఎవరి పరిధిలోనిదో తెలిసి వైద్యుని వద్దకు వెళ్ళేవారికి దోషమూ లేదు, నిరాశా లేదు.

స్వస్తి.